ఆదరణ కొరకైన ప్రవచనము: 1 థెస్సలొనీకయులకు 4:13–5:11 వెలుగులో అంత్యకాల బోధ

ఉపోద్ఘాతము

అంత్యకాలమును గూర్చిన ప్రవచనములను మన తెలుగు సంఘములు ముఖ్యముగా రెండు చోట్ల వినుచున్నవి. మొదటిది ప్రవచన సభ. అక్కడ వేదికమీద కాలపట్టిక వ్రేలాడును, వార్తాపత్రికలోని యుద్ధములు, కరవులు, భూకంపములు ఒక్కొక్కటిగా వచనములకు జోడింపబడును. రెండవది సమాధుల తోట, దాని తరువాత ఇంటియొద్ద జరుగు ఆదరణ కూడిక. మొదటి చోట వినువారి ప్రశ్న, "ప్రభువు ఎప్పుడు వచ్చును?" రెండవ చోట వారి ప్రశ్న, "మా బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు? మరల చూతుమా?" ఈ రెండు చోట్లను వాక్యము చేతపట్టుకొని నిలువవలసినవాడు ఒకే కాపరి.

అపొస్తలుడైన పౌలు ఈ రెండు ప్రశ్నలకును ఒకే వాక్యభాగములో, ప్రక్కప్రక్కనే జవాబు వ్రాసెను. 1 థెస్సలొనీకయులకు 4:13-18 మృతులను గూర్చినది, 5:1-11 కాలములను సమయములను గూర్చినది. మన బైబిలులోని అధ్యాయ విభజన 13వ శతాబ్దమునకు చెందినది, పౌలు పెట్టినది కాదు. ఆ విభజన మధ్యలో వచ్చుటచేత మనము మొదటి భాగమును భూస్థాపనలోను, రెండవ భాగమును ప్రవచన సభలోను చదువుటకు అలవాటుపడితిమి. అయితే రెండు భాగములును ఒకే ఆజ్ఞతో ముగియుచున్నవి. 4:18లోను 5:11లోను గ్రీకు మూలమున ఉన్న క్రియాపదము పరకలేయో. మన తెలుగు అనువాదము రెండు చోట్లను దానిని ఆదరించుట అనియే తర్జుమా చేసినది.

ఈ సామ్యమే ఈ వ్యాసమునకు ఆధారము. అంత్యకాల ప్రవచనము సంఘమును ఆదరించి మెలకువగా నిలుపుటకై ఇయ్యబడినది. ఈ ఉద్దేశమును విడిచి చేయు వ్యాఖ్యానము, అందులో ఎన్ని వచనములు ఉదహరింపబడినను, ఆ ప్రవచనమును తప్పుగా చదివినట్లే యగును. ఈ విషయమును వాక్యభాగము వెంబడి నడచుచు పరిశీలించుదము.

పత్రిక నేపథ్యము

థెస్సలొనీక మాసిదోనియ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము, ఓడరేవు. రోమాను రాజమార్గములలో ఒకటైన ఎగ్నాతియ మార్గము దానిగుండా పోయెడిది. అపొస్తలుల కార్యములు 17:1-9 ప్రకారము పౌలు సమాజమందిరములో మూడు విశ్రాంతిదినములు తర్కించెను. ఆ పట్టణములో గడపిన కాలము కొద్దిదే. అల్లరి లేచుటచేత సహోదరులు అతనిని రాత్రివేళ పంపివేసిరి. తిమోతి తిరిగి వచ్చి సంఘ క్షేమము తెలిపిన తరువాత (3:6) కొరింథునుండి ఈ పత్రిక వ్రాయబడినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము. డెల్ఫీలో దొరకిన శాసనమునుబట్టి గల్లియోను అధిపత్యము సుమారు క్రీ.శ. 51-52 అని తెలియుచున్నది. అపొస్తలుల కార్యములు 18:12తో దీనిని పోల్చినప్పుడు పత్రిక కాలము సుమారు క్రీ.శ. 50-51 అగును. సిలువకును ఈ పత్రికకును మధ్య దాదాపు ఇరువది సంవత్సరములే.

ఈ సంఘము విగ్రహములను విడిచి, పరలోకమునుండి రాబోవు కుమారునికొరకు ఎదురుచూచుటకు దేవునితట్టు తిరిగినది (1:9-10). అట్టి ఎదురుచూపులో ఉండగనే వారిలో కొందరు మరణించిరి. ఎట్లు మరణించిరో పత్రిక చెప్పదు. వారి కలత ఏమిటో 4:15 నుండి గ్రహింపవచ్చును. బ్రదికియున్నవారు నిద్రించినవారికంటె ముందుగా చేరరని పౌలు నొక్కి చెప్పుచున్నాడు. అనగా, తమ మృతులు ప్రభువు రాకడలో పాలులేక వెనుకబడిపోదురేమో అని వారు భయపడిరి. ఎవరును తోసివేయలేని ఒక దుఃఖములోనుండి ఈ ప్రశ్న పుట్టినది. ఈ దుఃఖమును మరచి 4:16-17ను చదువు వ్యాఖ్యానము, ప్రశ్నను వినకయే జవాబును వివరించునట్టిది.

మృతులను గూర్చిన జవాబు (4:13-18)

మొదట పౌలు దుఃఖమును నిషేధింపలేదని గమనింపవలెను. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దు అనుటలో దుఃఖము ఉన్నదన్న అంగీకారము ఉన్నది. లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచెను (యోహాను 11:35). స్తెఫనును సమాధిచేసిన భక్తిపరులు అతనిని గూర్చి మిగుల ప్రలాపించిరి (అపొ. కార్య. 8:2). ఎపఫ్రొదితు చనిపోయియుండినయెడల తనకు దుఃఖముమీద దుఃఖము కలిగియుండెడిదని పౌలే వ్రాసెను (ఫిలిప్పీ 2:27). కావున శవము ప్రక్కన ఏడ్చుచున్న తల్లిని అవిశ్వాసిగా ఎంచి ఊరుకొమ్మని గద్దించుట వాక్యానుసారమైన పరిచర్య కాదు.

రెండవది, నిరీక్షణకు పౌలు వేసిన పునాది. 4:14లో ఆయన యేసు మరణ పునరుత్థానములనుండి ఆరంభించి, వాటినుండియే నిద్రించినవారి భవిష్యత్తునకు వెళ్లుచున్నాడు. జరిగిపోయిన సంఘటనమీద జరుగవలసినది ఆధారపడియున్నది. సువార్తతో సంబంధము లేకుండ, నేటి రాజకీయ వార్తలమీద మాత్రమే నిలుపబడిన అంత్యకాల బోధ ఆ వార్తలు మారిన దినమున కూలిపోవును.

మూడవది, సంఘటనల క్రమము. ప్రధానదూత శబ్దము, దేవుని బూర, మృతుల లేచుట, బ్రదికియున్నవారు వారితోకూడ కొనిపోబడుట. ఈ క్రమములో పౌలు నొక్కి చెప్పినది "మొదట" అను మాట. వెనుకబడిపోదురని సంఘము భయపడినవారే మొదట లేతురు. థెస్సలొనీకలోని విధవరాలికి, బిడ్డను పోగొట్టుకొన్న తండ్రికి ఆ ఒక్క మాటలో జవాబు దొరకినది.

ఇక్కడ రెండు గ్రీకు పదములు ధ్యానింపదగినవి. పరూసియా అనగా రాకడ, సన్నిధి. రాజు గాని చక్రవర్తి గాని ఒక పట్టణమును దర్శించుటకు వచ్చుటను ఆ కాలపు జనులు ఈ మాటతో చెప్పుచుండిరి. అపాంతేసిస్ అనగా ఎదుర్కొనుట. వివాహమునాడు మగపెండ్లివారు వచ్చినప్పుడు ఆడపెండ్లివారు పానకములతో, మేళతాళములతో ఎదురేగి తోడుకొని వచ్చు ఎదుర్కోలును ఎరిగిన తెలుగువారికి ఈ మాట పరాయిది కాదు. పెండ్లికుమారుని ఎదుర్కొన వెళ్లిన కన్యకలు అతనితోకూడ విందునకు వెళ్లిరి (మత్తయి 25:6-10). రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేట వరకును త్రిసత్రముల వరకును వచ్చి పౌలును ఎదుర్కొని అతనితోకూడ రోమాకు తిరిగి వచ్చిరి (అపొ. కార్య. 28:15-16). దీనినిబట్టి పలువురు వ్యాఖ్యాతలు, విశ్వాసులు రాజును ఎదుర్కొని ఆయనతోకూడ భూమికి వచ్చెదరని చెప్పుదురు. అయితే ఒక్క పదముమీద అంత బరువు మోపరాదు. ఎదుర్కొనిన తరువాత ప్రయాణము ఏ దిశకో ఈ వాక్యభాగము చెప్పక, సదాకాలము ప్రభువుతోకూడ ఉండుటవద్ద ఆగినది.

కొనిపోబడుట అను మాటకు మూలము హర్పాజో. దాని లాటిన్ తర్జుమా రాపియెమూర్ నుండియే రాప్చర్ అను మాట వాడుకలోనికి వచ్చినది. శ్రమకాలమునకు ముందు సంఘము రహస్యముగా ఎత్తబడునను బోధను 19వ శతాబ్దములో బ్రదరెన్ ఉద్యమ నాయకుడైన జాన్ నెల్సన్ డార్బీ (1800-1882) క్రమబద్ధము చేసెను. 1909లో ప్రచురింపబడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు దానిని లోకమంతట వ్యాపింపజేసెను. అదే ఉద్యమమునకు చెందిన మిషనరీలు 1836 నుండి తెలుగుదేశములో, ముఖ్యముగా గోదావరి డెల్టాలో సేవచేసిరి. ఆ బోధ మన సంఘములలో అనేకులకు పితరుల విశ్వాసమంత సన్నిహితమైనది. దానిని హేళన చేయుట మా ఉద్దేశము కాదు. అయినను 4:13-18లో శ్రమకాలము ప్రస్తావన లేదన్న సంగతిని అందరమును ఒప్పుకొనవలెను. కొనిపోబడుట శ్రమలకు ముందని గాని తరువాతనని గాని చెప్పువారు ఆ నిర్ణయమును ఇతర వాక్యభాగములనుండి తెచ్చుచున్నారు. వారు ఆ వాక్యభాగములను చూపి వాదించుట న్యాయమే. ఈ వాక్యభాగము మాత్రము తానై నిశ్చయముగా చెప్పునది, క్రీస్తునందు మృతులైనవారిలో ఏ ఒక్కరును విడువబడరు అనునదే.

కాలములను గూర్చిన జవాబు (5:1-11)

కాలములను సమయములను గూర్చి వ్రాయనక్కరలేదని పౌలు ఆరంభించెను. వారికి తేదీ తెలిసినందున ఆయన ఆలాగు వ్రాయలేదు. రాత్రివేళ దొంగ వచ్చునట్లు ఆ దినము వచ్చునని వారు బాగుగా ఎరుగుదురు. దొంగ ముందుగా కబురు పెట్టడు. నెమ్మది, భద్రత అని లోకము చెప్పుకొనుచుండగా నాశనము వచ్చునని పౌలు వ్రాసిన కాలములో, రోమా సామ్రాజ్యము తన ప్రజలకు చేసిన వాగ్దానము అదియే. శాంతిని భద్రతను కొనియాడు మాటలు ఆ సామ్రాజ్యపు నాణెములమీద ముద్రింపబడినవి. థెస్సలొనీకలో సంఘముమీద మోపబడిన నేరము, యేసు అను వేరొక రాజున్నాడని చెప్పుట (అపొ. కార్య. 17:7). కావున ఈ వచనము మొదటి పాఠకులకు దూరపు భవిష్యత్తును గూర్చిన చిక్కుముడిగా కాక, తాము దేనిని నమ్ముకొని బ్రదుకుచున్నామని అడుగు ప్రశ్నగా వినబడియుండును.

తేదీలు నిర్ణయించువారు తరచుగా 5:4ను ఆశ్రయింతురు. ఆ దినము దొంగవలె మీమీదికి వచ్చుటకు మీరు చీకటిలో లేరని అందులో ఉన్నది గనుక, ఆత్మీయులకు తేదీ తెలియునని వారి వాదము. అయితే పౌలు 5:5-8లో తానే దీనికి వివరణ ఇచ్చెను. వెలుగు సంబంధులు మత్తులై నిద్రపోక మెలకువగా ఉందురు, విశ్వాసప్రేమలను కవచముగాను రక్షణ నిరీక్షణను శిరస్త్రాణముగాను ధరించుకొందురు. దొంగ వచ్చు ఘడియ తెలియకపోయినను మేలుకొనియున్న ఇంటిని అతడు ఆశ్చర్యపరచలేడు. మార్కు 13:32, అపొస్తలుల కార్యములు 1:7 కూడ ఇదియే బోధించుచున్నవి.

ఈ హెచ్చరికను విడిచినప్పుడు ఏమి జరిగినదో సంఘ చరిత్ర చూపుచున్నది. 3వ శతాబ్దారంభములో హిప్పోలితు దానియేలు గ్రంథముమీద వ్రాసిన వ్యాఖ్యానములో రెండు సంగతులు వివరించెను. సిరియాలో ఒక సంఘనాయకుడు, క్రీస్తును ఎదుర్కొందమని సహోదరులను భార్యాబిడ్డలతోకూడ అరణ్యమునకు నడిపించెను. వారు కొండలలో దారితప్పి తిరుగుచుండగా దొంగలని భావింపబడి, చంపబడునంత ప్రమాదములో పడిరి. పొంతులో మరియొక నాయకుడు తన కలలను నమ్మి ఒక్క సంవత్సరములో తీర్పు వచ్చునని ప్రకటించెను. జనులు పొలములు బీడు విడిచిరి, అనేకులు ఆస్తులు అమ్ముకొనిరి. అయితే ఇట్టివారిని గద్దించిన హిప్పోలితు సయితము లెక్కింపకుండ ఉండలేకపోయెను. మందసపు కొలతలను (నిర్గమ 25:10) కూడి అయిదున్నర మూరలనుండి 5500 సంవత్సరములను తీసి, లోకము 6000 సంవత్సరములుండునని తలంచి, క్రీస్తు జననమునకు తరువాత 500 సంవత్సరములకు అంతము వచ్చునని ఆయన లెక్కించెను. ఆ సంవత్సరము వచ్చి గతించినది.

అమెరికాలో బాప్టిస్టు బోధకుడైన విలియం మిల్లర్ (1782-1849) దానియేలు 8:14లోని 2300 దినములను సంవత్సరములుగా ఎంచి, క్రీ.పూ. 457 నుండి లెక్కించి, 1843-1844 ప్రాంతములో క్రీస్తు వచ్చునని బోధించెను. తరువాత ఆ ఉద్యమము 1844 అక్టోబరు 22ను నిర్ణయించినది. కొందరు రైతులు పంటను పొలములోనే విడిచిరి. మరునాటి ఉదయము చరిత్రలో మహా ఆశాభంగము అను పేరుతో నిలిచినది. 1948లో ఇశ్రాయేలు రాజ్యము స్థాపింపబడుటకు ఒక తరమును 40 సంవత్సరములుగా కూడి, ఎడ్గర్ విజెనంట్ 1988 సెప్టెంబరును ప్రకటించెను. హెరాల్డ్ క్యాంపింగ్ మొదట 1994ను, తరువాత 2011 మే 21ను, అదియు గతించిన పిమ్మట 2011 అక్టోబరు 21ను ప్రకటించెను. ఆయన శ్రోతలలో కొందరు తమ పొదుపు సొమ్మును ఆ ప్రకటనల కొరకు వెచ్చించిరి. 2012 మార్చిలో క్యాంపింగ్ తన లెక్క తప్పని బహిరంగముగా ఒప్పుకొనెను.

ఈ మనుష్యులలో పలువురు వాక్యమును ప్రేమించినవారే. వారి లోపము భక్తిలో కాక పద్ధతిలో ఉన్నది. ఒక సందర్భములోని సంఖ్యను మరియొక సందర్భములోని సంఘటనకు జోడించి, ఆ జోడింపునకు లేఖనముతో సమానమైన అధికారము ఇచ్చిరి. లెక్క తప్పినప్పుడు నష్టపోయినది లెక్కించినవాడు మాత్రమే కాదు. పొంతులోని ఆ నాయకుడు, తన మాట నెరవేరనియెడల లేఖనములనే నమ్మవద్దని చెప్పియుండెనని హిప్పోలితు వ్రాసెను. విన్నవారి విశ్వాసమునకు ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ప్రభువు దినము వచ్చియున్నదను మాటచేత కలవరపడవద్దని 2 థెస్సలొనీకయులకు 2:1-2 హెచ్చరించుచున్నది. అదే పత్రిక 3:6-12లో పనిచేయక తిరుగువారిని గద్దించుచున్నది. ఈ సోమరితనమునకు కారణము రాకడ ఆవేశమేనా అను విషయములో పండితులు ఏకాభిప్రాయులు కారు. అయినను 1 థెస్స. 4:11లో చేతులతో పనిచేసికొనుడని ఆజ్ఞాపించిన వెంటనే 4:13లో రాకడను గూర్చి వ్రాయుటకు పౌలు సంకోచింపలేదు. నాగలి పట్టుట, బడికి పోవుట, అప్పు తీర్చుట ప్రభువుకొరకు ఎదురుచూచుటకు అడ్డములు కావు.

నిత్యజీవము: "వారితోకూడ", "ఆయనతోకూడ"

నిత్యజీవము అను మాట ఈ వాక్యభాగములో లేదు, దాని భావము మాత్రము రెండు భాగములకును కేంద్రముగా ఉన్నది. 4:17లో బ్రదికియున్నవారు నిద్రించినవారితోకూడ కొనిపోబడుదురు. 5:10లో మేలుకొనియున్నను నిద్రించుచున్నను ఆయనతోకూడ జీవింతుము. రెండు చోట్లను గ్రీకులో హమ సున్ అను ఒకే జంటమాట ఉన్నది. ప్రియులతోకూడ అనునది, ప్రభువుతోకూడ అనునది పౌలుకు విడదీయరానివి. నిత్యజీవము అంతులేని కాలము మాత్రమే కాదు, అది సహవాసము. యోహాను 17:3 దేవునిని క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవమని నిర్వచించుచున్నది.

ఈ జీవము ఎప్పుడు ఆరంభమగును? యోహాను 5:24 ప్రకారము విశ్వసించినవాడు ఇప్పుడే మరణములోనుండి జీవములోనికి దాటియున్నాడు. అదే అధ్యాయము 28-29 వచనములలో సమాధులలోనున్నవారు ఆయన శబ్దము విని బయటికి వచ్చు గడియ ఇంకను రావలసియున్నది. ఈ రెంటిలో ఏ ఒక్కదానిని విడిచినను సువార్త కుంటుపడును. మొదటిది మాత్రమే బోధించినయెడల సమాధికి జవాబుండదు. రెండవది మాత్రమే బోధించినయెడల నేటి జీవితము వట్టి నిరీక్షణాలయమై పోవును.

మన భాషలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరము. పునరుత్థానము, పునర్జన్మ అను మాటలు వినుటకు దగ్గరగా ఉన్నవి. మన చుట్టునున్న అనేకులకు రెండవ మాట సుపరిచితము. భూస్థాపనకు వచ్చిన బంధువులలో క్రైస్తవేతరులు ఉందురు గనుక కాపరి ఈ భేదమును సరళముగా చెప్పవలెను. పునర్జన్మలో జీవుడు వేరొక దేహముతో మరల ఈ లోకములో పుట్టుననుట భావము. పునరుత్థానములో అదే మనుష్యుడు, విత్తబడిన గింజవలె మార్పునొంది, అక్షయమైన శరీరముతో ఒక్కమారే లేపబడును (1 కొరింథీ 15:35-54).

"నిద్ర" అను మాటను గూర్చియు సందేహములు వచ్చుచుండును. మరణమును నిద్ర అనుట ఆనాటి గ్రీకులలోను వాడుకయే, దానితో మృతుల స్పృహను గూర్చి సిద్ధాంతము కట్టరాదు. లోకమును విడిచి క్రీస్తుతో ఉండుట మేలని పౌలు వేరొకచోట వ్రాసెను (ఫిలిప్పీ 1:23). క్రైస్తవులు తమ సమాధిస్థలమునకు నిద్రాస్థలము అను అర్థమిచ్చు కొయిమెతేరియోన్ అను గ్రీకు పేరు పెట్టుకొనిరి. నిద్రించినవారు లేపబడుదురన్న నిశ్చయము ఆ పేరులో ఉన్నది.

కాపరులకు కొన్ని సూచనలు

1. ప్రవచనమును బోధించుటకు ముందు దాని మొదటి శ్రోతల ప్రశ్న ఏమిటో వెదకవలెను. థెస్సలొనీకయులకు అర్థము కాని అర్థమును వారి పత్రికలో చూడబోవుట ప్రమాదకరము.

2. స్పష్టమైన వచనముల వెలుగులో గూఢమైనవాటిని చదువవలెను. ప్రకటన 13:18లోని 666ను తరతరములుగా ఎందరికో, ఎన్నిటికో అంటగట్టిరి. కోవిడ్ కాలములో, 2020-2021 సంవత్సరములలో, అనేక దేశముల క్రైస్తవులలో టీకాయే మృగముద్ర అను పుకారు ప్రబలినది. మృగమునకు నమస్కారము చేయుటకును ముద్రకును ఉన్న సంబంధమును (ప్రకటన 14:9-11) చదివిన కాపరి ఆ భయమును తన సంఘములో ఆపగలడు.

3. వాక్యము చెప్పినదానిని, మన సిద్ధాంత క్రమము చేర్చినదానిని వేరుచేసి చెప్పవలెను. "ఇది వాక్యము, ఇది మా గ్రహింపు" అని చెప్పిన కాపరియందు సంఘమునకు నమ్మకము తగ్గదు.

4. సమాధియొద్ద తీర్పరులము కారాదు. 4:13-18 క్రీస్తునందు మృతులైనవారిని గూర్చిన వాగ్దానము. మనకు తెలియనివారి విషయములో లేని వాగ్దానమును కల్పింపక, శిక్షను ప్రకటింపక, సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయునని (ఆది 18:25) ఆయన చేతికి అప్పగింపవలెను.

5. అతిగా మాటలాడువారిని చూచి మౌనము వహింపరాదు. తేదీల గందరగోళమునకు భయపడి రాకడను గూర్చి సంవత్సరముల తరబడి బోధింపని వేదికలును ఉన్నవి. ఆ మౌనమువలన విడువబడిన స్థలమును లెక్కలు కట్టువారు ఆక్రమించుదురు.

ముగింపు

పౌలు ఆజ్ఞ ఒకనినొకడు ఆదరించుకొనుటకు ఇయ్యబడినది. ఈ పని కాపరికి మాత్రమే అప్పగింపబడలేదు. శవపేటిక మోసిన యువకుడు, రాత్రంతయు తోడు కూర్చున్న పొరుగింటి సహోదరి, మూడవనాడు అన్నము వండి తెచ్చిన కుటుంబము ఈ ఆజ్ఞను నెరవేర్చుచున్నారు. వారి చేతులలో పెట్టవలసిన మాటలు మాత్రము మనము సరిగా బోధింపవలెను. రాబోవు ఆదరణ కూడికలో 4:18వద్ద గ్రంథమును మూయక 5:11 వరకు చదువుదము. తరువాతి ప్రవచన సభలో 5:1వద్ద ఆరంభింపక 4:13 నుండి చదువుదము. సభలో కూర్చున్నవారిలో ఇటీవల ఎవరినో సమాధిచేసి వచ్చినవారు ఉందురని మరువకుందము.